ఎవరూ లోపలికి పోని అడవి పక్కన ఒక సీమ: ఆ ఊళ్లలో జనం ఎలా బతుకుతారు?

హంద్రీ ఒడ్డు (కర్నూలు):

మిత్రులందరికీ నమస్కారం. నేను రెండేళ్లుగా ఒక కాల్పనిక నవల రాస్తున్నాను. కథ జరిగే చోటు ఒక ఊహా రాజ్యానికి తూర్పు కొసన ఉండే సీమ. ఎల్ల అంటే హద్దు కాబట్టి దానికి ‘ఎల్లగడ్డ’ అని పేరు పెట్టుకున్నాను. నలభై ఊళ్లు, ఒక మట్టికోట, పడమటి నుంచి వచ్చే ఒకే ఒక బండిబాట ఉంటాయి. సీమకు తూర్పున, ఉత్తరం నుంచి దక్షిణం దాకా, కొండల మీద పరుచుకున్న అడవి ఉంటుంది. దానికి పేరు లేదు. జనం దాన్ని ‘ఆ పక్క’ అని మాత్రమే అంటారు. మూడు వందల ఏళ్లుగా అందులోకి పోయినవాళ్లెవరూ తిరిగి రాలేదు. రాజధాని నుంచి పటాలు గీసే ఉద్యోగి ఒకడు, ఆ సీమ తూర్పు హద్దు ఎక్కడో తేల్చి గీయమన్న ఉత్తరువుతో వస్తాడు. కథ అక్కడ మొదలవుతుంది.

ఆరు అధ్యాయాలు పూర్తయ్యాక పామిడి దగ్గర వ్యవసాయం చేసుకునే మా మేనత్తకు చదివి వినిపించాను. ఆమె చివరిదాకా ఓపికగా విని మూడు ప్రశ్నలు వేసింది. అడవిలోకి ఎవరూ పోకపోతే వాళ్లకు వంటచెరకు ఎక్కడిది, నాగలికి కొయ్య ఎక్కడిది అన్నది మొదటి ప్రశ్న. అంత భయమున్న చోట ఎందుకు ఉంటున్నారు, పడమటి వైపు వలస పోవచ్చు కదా అన్నది రెండోది. ‘అట్లాంటి ఊరికి పిల్లను ఎవరిస్తార్రా?’ అన్నది మూడోది. ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. నేను రాసిన అడవి నాటకంలో వెనక కట్టే తెరలాగా ఉందని, దాని ముందు మనుషులు వచ్చి మాట్లాడి పోతున్నారే తప్ప దానితో వాళ్లకు ఏ సంబంధమూ లేదని అప్పుడు అర్థమైంది.

నల్లమలను నేను శ్రీశైలం బస్సు కిటికీలోంచి చూసినవాణ్ణే తప్ప ఎరిగినవాణ్ణి కాను. అడవి అంచున పుట్టి పెరిగినవాళ్లు, ఈ జిల్లాల చరిత్ర చదివినవాళ్లు ఇక్కడ ఉన్నారని తెలిసి అడుగుతున్నాను. నా సీమ ఊహే కావచ్చు, కానీ అందులో బతికే మనుషులు నిజంగా బతుకుతున్నట్టు ఉండాలని నా కోరిక. దయచేసి మీకు తెలిసినది చెప్పండి.

బైర్లూటి బాట (ఆత్మకూరు):

మీ మేనత్తగారి ప్రశ్నలనే నవలకు పునాదిగా పెట్టుకోండి, ఎందుకంటే అడవి పక్కన ఊరు కట్టుకున్నవాడు మొదట వేసుకున్న ప్రశ్నలు కూడా అవే.

ముందు రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను, అది అన్నిటికన్నా తేలిక. వాళ్లు అక్కడ ఉండేది నీళ్ల కోసం. మన సీమలో అనంతపురం వైపు ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. అదే నల్లమల కొండలు కృష్ణకూ పెన్నకూ నడుమ దాదాపు 150 కిలోమీటర్ల పొడవున నిలబడి, మబ్బును ఆపి, వానను తాగి, తరువాత నెలల తరబడి వాగులుగా, చెలమలుగా కిందికి వదులుతాయి. మహానందికి వెళ్లినవాళ్లకు ఈ సంగతి కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. కొండ అడుగున ఊట ఏడాది పొడవునా ఆగకుండా వస్తుంది, కోనేటిలో అడుగున పడ్డ రూపాయి బిళ్ల కనిపించేంత తేటగా ఉంటుంది, గుడి దాటగానే ఆ నీళ్లతోనే అరటితోటలు పారతాయి. మీ ఎల్లగడ్డకు పడమట ఎండిపోయిన మెట్టభూమిని పెట్టండి. ఏరు మాత్రం అడవిలోంచి రావాలి. అప్పుడు వలస పొమ్మని ఎవరూ అడగరు. భయం తూర్పున ఉంటే దాహం పడమట ఉంటుంది.

ఇక వంటచెరకు సంగతి. ‘ఎవరూ పోని అడవి’ అన్న మాట మా వైపు నిలవదు. ఎవరు ఎంత దూరం పోతారన్నదే అసలు లెక్క. గొర్రెల కాపరి మొదటి వాగు దాకా పోతాడు. ఎండాకాలంలో తునికాకు కోసేవాళ్లు ఇంకొంచెం లోపలికి పోయి పొద్దు వాలకముందే వెనక్కి తిరుగుతారు. వెదురు కొట్టేవాళ్లు నలుగురైదుగురు కలిసి పోతారు. నన్నారి వేరు తవ్వేవాళ్లకు, తపసి బంక తీసేవాళ్లకు ఎవరి జాడలు వాళ్లకు ఉంటాయి. వాళ్లందరినీ దాటి లోపల పెంటల్లో, అంటే అడవిలోని చిన్న గూడేల్లో, చెంచులు ఉంటారు. మాకు భయం పుట్టించే చోటు వాళ్లకు వాకిలి. ఏ చెట్టు కింద నీళ్లున్నాయో, ఏ నెలలో ఏ గడ్డ తవ్వాలో వాళ్లకు తెలిసినట్టు అడవి ఉద్యోగులకు కూడా తెలియదని ఆ ఉద్యోగులే ఒప్పుకుంటారు. కాబట్టి మీ అడవిని ఒక్క నల్లటి గోడగా కాకుండా పట్టీలు పట్టీలుగా ఊహించండి. ప్రతి పట్టీకీ ఒక కట్టుబాటు, అక్కడికి పోగలిగిన మనుషులు, దానికంటూ ఒక పేరు ఉండాలి. ‘చెప్పులు విడిచే చోటు’, ‘గొడ్డలి దించే చోటు’, ‘పేరు పెట్టి పిలవని చోటు’ అని జనం అనుకుంటూ ఉంటే, మీ పటాల ఉద్యోగి గీత ఎక్కడ గీయాలో తెలియక తికమక పడతాడు. నాకు ఆ తికమకే కథగా కనబడుతున్నది.

భయంకరమైన అడవిలోకి ఏడాదికి ఒకసారి వేలమంది నడిచి పోవడం కూడా ఉంటుంది. ఉగాదికి కర్ణాటక నుంచి వచ్చే భక్తులు మా ఆత్మకూరు మీదుగా వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం దారిన శ్రీశైలానికి కాలినడకన పోతారు. ఆ దారిలో రెడ్డిరాజుల కాలంలో వేయించిన రాతిమెట్లు ఇప్పటికీ ఉన్నాయి. మామూలు రోజుల్లో ఒంటరిగా అడుగు పెట్టని చోట, ఆ కొద్ది రోజులూ ముసలివాళ్లు, పసిపిల్లల తల్లులు సైతం మల్లయ్యను తలచుకుంటూ సాగిపోతారు. గుంపు, దైవం, తిథి అనే మూడూ కలిస్తే భయం పక్కకు జరుగుతుంది. పండుగ ముగియగానే మళ్లీ వచ్చి తన చోట కూర్చుంటుంది. మీ సీమలోనూ అడవి తలుపు తెరుచుకునే రోజు ఒకటి ఉండాలని నా సలహా.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. కొండచరియల్లో పెద్దతేనె తీసేటప్పుడు చెంచులు తాడు కట్టుకుని లోయలోకి దిగుతారు. పైన తాడు కాచేవాడు బావమరిది అయి ఉండాలని ఒక ఆనవాయితీ ఉందని చెబుతారు. తన అక్కనో చెల్లెలినో విధవను చేసుకోడు కాబట్టి బావమరిది తాడు వదలడట. భయాన్ని ఒక సమాజం ఎలా లెక్క కట్టిందో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ తెలియదు. వాళ్లు భయపడటం మానలేదు, భయపడుతూనే తాడు ఎవరి చేతిలో పెట్టాలో తేల్చుకున్నారు.

గుత్తి కోట (అనంతపురం):

పై మిత్రుడు రాసినది నేను రెండుసార్లు చదివాను. నీళ్ల గురించి, పట్టీల గురించి చెప్పినదానికి నేను కలిపేది ఏమీ లేదు. నాకు తోచిన లోటు వేరొకటి: ఆ భయం వల్ల ఎవరు బాగుపడుతున్నారో మీ కథలో ఎక్కడా కనిపించలేదు.

మన జిల్లాల చరిత్రను ఈ కోణంలో చూడండి. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి అప్పగించాక, దత్త మండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ పనిచేశాడు. అతనికి ఎదురైన పెద్ద సమస్య పాలెగాళ్లు. సుమారు 80 మంది పాలెగాళ్లకు కొండలలో, అడవులలో, కోటలలో సొంత బలగం ఉండేది. వాళ్ల అధికారానికి ఆధారం కావలి. దొంగల నుంచి ఊళ్లను, కనుమ దారులను కాపాడతామని చెప్పి రుసుము తీసుకునేవారు. కాపాడేవాడూ, కాపాడకపోతే దోచేవాడూ ఒక్కోసారి ఒక్కడే అయ్యేవాడు. ఆ కావలి పని చేసే కట్టుబడి బంట్రోతులకు మాన్యం భూములు ఉండేవి. కంపెనీ ఆ మాన్యాల మీద చేయి వేయడం మొదలుపెట్టాక, 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడినప్పుడు ఆయన వెంట నడిచినవాళ్లలో ఈ కట్టుబడివాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. కోయిలకుంట్ల ఖజానా మీద పడిన తరువాత ఆయన దళాలకు ఆశ్రయమిచ్చినవి ఎర్రమల, నల్లమల కొండలే. 1847 ఫిబ్రవరి 22న ఆయనను కోయిలకుంట్లలో ఉరి తీసి, తలను కోట గుమ్మానికి ఏళ్ల తరబడి వేలాడదీశారు. అడవి వైపు చూసేవాళ్ల గుండెల్లో ఏ భయం నాటాలని ఆ పని చేశారో ఆలోచించండి. సర్కారుకు అడవి అంటే ఉన్న భయాన్ని, జనానికి సర్కారు అంటే ఉండే భయంగా మార్చాలని చూశారు.

దీన్ని మీ ఎల్లగడ్డకు తెచ్చుకుంటే, అడవి అంచున కావలి కాసే కుటుంబాలు కొన్ని తరాలుగా మాన్యం తింటూ ఉంటాయి. ‘ఆ పక్క’ నుంచి ఏదో వస్తుందన్న నమ్మకం ఉన్నంతకాలమే ఆ మాన్యానికి అర్థం ఉంటుంది. వాళ్లను దుర్మార్గులుగా చూపవద్దు. రాత్రంతా మంట ఆరకుండా చూసే తలారికి తన పని మీద నిజమైన నమ్మకం ఉంటుంది, ఆ నమ్మకమే వాడి పిల్లలకు కూడు పెడుతుంది, ఆ రెండింటినీ విడదీయడం వాడి వల్ల కాదు. పటాలు గీసేవాడు వచ్చి ‘లోపల ఏమీ లేదు’ అని తేల్చినా ప్రమాదమే, ‘ఉంది’ అని తేల్చినా ప్రమాదమే. మొదటిది మాన్యాన్ని పోగొడుతుంది, రెండోది రాజధాని నుంచి సైన్యాన్ని రప్పిస్తుంది. ఏది వచ్చినా నష్టపోయేది ఆ నలభై ఊళ్లే.

గీత ఎవరు గీస్తారన్నది చిన్న విషయం కాదు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక, అంతకుముందు ఊరి గొడ్లు మేసిన కొండలే రిజర్వు ఫారెస్టు అయ్యాయి. అడవి అదే, వాగు అదే. కాగితం మీద ఒక గీత పడగానే నిన్నటి మేత నేటి నేరమైంది. నల్లమలలో 1978లో అభయారణ్యం, 1983లో పులుల ప్రాజెక్టు వచ్చాయి. పులికి చోటు కావాలన్నది నేను మనసారా ఒప్పుకుంటాను, అయితే ప్రతి గీతకూ ఇవతల కొందరు, అవతల కొందరు మిగిలిపోతారని మీ ఉద్యోగికి కథ చివరకైనా తెలియాలి.

మా గుత్తి గురించి ఒక్క ముచ్చట. 1899లో మా ఊరి రైల్వే కలప యార్డులో ఒక సాలీడు దొరికింది. ఒళ్లంతా మెరిసే నీలం రంగు. శాస్త్రవేత్తలు దాన్ని కొత్త జాతిగా నమోదు చేశారు, ఆ తరువాత వంద ఏళ్లకు పైగా అది మళ్లీ ఎవరికీ కనిపించలేదు. 2001లో నంద్యాలకు, గిద్దలూరుకు నడుమ ఉన్న అడవిలో దొరికింది. అంటే అది గుత్తిది కాదు. కలపతో పాటు రైలెక్కి వచ్చి ఉంటుందని అనుకుంటున్నారు. అయినా ప్రపంచమంతా దాన్ని ఇప్పటికీ గుత్తి సాలీడనే పిలుస్తున్నది. మీ కథలో అడవిలోకి మనిషి పోవడం ఒక్కటే ఎందుకు ఉండాలి? అడవిలోంచి ఒకటి తెలియకుండా బండెక్కి రాజధానికి చేరవచ్చు కదా.

లంకమల (బద్వేలు):

గుత్తి మిత్రుని లెక్కలు సరైనవే, కానీ ఆ దారిలో మరీ దూరం పోతే మీ నవలలో అడవి మిగలదని నా భయం. మాన్యం కోసం, రుసుము కోసం, అధికారం కోసం పుట్టిన భయం అని ప్రతిదానికీ కారణం చూపిస్తే, చివరికి చదివేవాడికి అది రెవెన్యూ దస్త్రంలా తోస్తుంది. నేను లంకమల అడుగున పెరిగినవాణ్ణి. పొద్దుగుంకాక కొండ వైపు చూస్తే ఒళ్లు జలదరించేది, దానికి ఏ రుసుమూ కారణం కాదు. అందువల్ల ఈ విషయంలో నేను ఆయనతో ఏకీభవించను.

భయం ఎలా ఉంటుందో మాటల్లో వినండి. మా ఇంట్లో చీకటి పడ్డాక పాము అనేవారు కాదు, పురుగు అనేవారు. ఎవరినైనా పాము కరిస్తే ‘పురుగు ముట్టింది’ అనేవారు. మశూచి వస్తే ‘అమ్మవారు పోసింది’ అనేవారు. పేరు పెట్టి పిలిస్తే వస్తుందన్న జంకు ఒకటి, పేరులోనే మర్యాద ఇవ్వాలన్న వినయం ఇంకొకటి. ఈ రెండూ కలిసిన మాటలు మన పల్లెల్లో చాలా ఉన్నాయి. ‘ఆ పక్క’ అని మీరు పెట్టిన పేరు నాకు ఎంతో నచ్చింది. దాన్ని వదలకండి. అయితే పెద్దలు ఒక రకంగా, పిల్లలు ఒక రకంగా, కావలివాళ్లు ఇంకొక రకంగా అనాలి. పొలిమేరలో పొలి (బలి అన్నం) చల్లేటప్పుడు వెనక్కి తిరిగి చూడకూడదన్న నియమం లాంటివి చెప్పి వదిలేయండి, కారణం రాయకండి. ఊళ్లో ఎవరూ కారణం చెప్పరు, ‘చూడకూడదంతే’ అంటారు.

ఎవరూ ఎరగని అడవి అన్నప్పుడు, ‘ఎవరూ’ అంటే ఎవరు అన్న ప్రశ్నను ఆత్మకూరు మిత్రుడు బాగా ఎత్తారు. మా వైపు దానికి జరిగిన నిదర్శనం ఉంది. కలివికోడి అనే పక్షిని 1848లో జెర్డాన్ అనే ఆంగ్లేయ వైద్యుడు గుర్తించి లోకానికి తెలిపాడు. 1900లో అనంతపురం దగ్గర కనిపించిందన్నది ఆఖరి నమోదు. ఆ తరువాత 86 ఏళ్లు దాని జాడ లేదు. పుస్తకాల్లో అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986లో సిద్ధవటం పక్కన, లంకమల అడుగు పొదల్లో, అది బతికే ఉందని తేలింది. తేల్చింది బొంబాయి నుంచి వచ్చిన పక్షి శాస్త్రజ్ఞులే, కానీ వాళ్లకు దాన్ని పట్టి చూపించింది పిట్టలు పట్టి బతికే ఒక స్థానికుడు. రాత్రిపూట తిరిగే ఆ పిట్ట మన పొదల్లో ఉన్నదని ఇక్కడివాళ్లకు తెలుసు, కలివి పొదల పేరు మీద దానికో పేరు కూడా ఉంది. వాళ్లను అడిగినవాళ్లే లేరు. తరువాత దాని కోసం అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు.

మీ పటాల ఉద్యోగి కూడా ‘మూడు వందల ఏళ్లుగా ఎవరూ తిరిగి రాలేదు’ అని రాజధాని దస్త్రాల్లో చదువుకుని రావాలి. సీమకు వచ్చాక, తిరిగి వచ్చినవాళ్లు ఉన్నారని, వాళ్లు దస్త్రంలో ఎక్కదగిన మనుషులు కాకపోవడం వల్లే లెక్కకు రాలేదని మెల్లగా తెలుసుకోవాలి. కానీ వాళ్లకూ తెలియనిది ఒకటి లోపల ఉండాలి. కలివికోడి దొరికిందని అడవి మొత్తం తెలిసిపోయినట్టు కాదు. అడవిని ఎరిగినవాడు సైతం ‘అక్కడికి మాత్రం నేనూ పోను’ అనే చోటు ఒకటి వదిలిపెట్టి, అక్కడ ఏముందో మీరు కూడా తేల్చుకోకండి.

ఎర్రచందనం గురించి రాయాలా వద్దా అని కొంతసేపు ఆలోచించాను. ఇప్పుడు మా ఊళ్లలో మేకలు తోలుకుపోయేవాళ్లు చిరుతకన్నా మనుషులకు భయపడుతున్నారు. ఆ చెట్టు సహజంగా పెరిగేది ముఖ్యంగా మన శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలికొండల్లోనే. దాని గిరాకీ మాత్రం చైనాలో, జపాన్‌లో ఉంది. నరికేవాడు ఎక్కడినుంచో వస్తాడు, కొనేవాడు ఇంకెక్కడో ఉంటాడు, నడుమ మా కొండ బోసిపోతున్నది. మీ ‘ఆ పక్క’లో కూడా దూరదేశం వాడు ఎంత ధరైనా పెట్టే వస్తువు ఒకటి ఉంటే, మూడు వందల ఏళ్ల భయం ఎన్నాళ్లు నిలుస్తుందో మీరే రాసి చూడండి.

ఆళ్లగడ్డ ఆడబిడ్డ:

మీ మేనత్తగారి మూడో ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

అలాంటి ఊరికి పిల్లను ఎవరిస్తారని ఆమె అడిగారు. మా వైపు అడవే పిల్లనిచ్చింది. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడని మా నమ్మకం, అందువల్ల ఆయన చెంచులకు అల్లుడు. కనుమ నాడు పారువేట ఉత్సవం మొదలయ్యేటప్పుడు చెంచులు వచ్చి స్వామి పల్లకీ వైపు బాణాలు సంధిస్తారు. ఆ తరువాత స్వామి దాదాపు నలభై రోజులు ఊరూరా తిరుగుతాడు. తన పెళ్లికి రమ్మని జనాన్ని తానే వచ్చి పిలుస్తాడని మా పెద్దలు చెబుతారు. పల్లకీ మా ఊరికి వచ్చిన రోజు ఇంటి ఆడబిడ్డలందరూ పుట్టింటికి వస్తారు. శ్రీశైలంలోనూ ఇదే వరస. కన్నడ భక్తులు భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా తలచి ఉగాదికి చీర, సారె తెస్తారు. చెంచులేమో మల్లన్నను చెంచు మల్లయ్య అంటారు. ఊరికీ అడవికీ నడుమ ఉన్న భయాన్ని మన పెద్దలు వియ్యంగా మార్చుకున్నారని నాకు అనిపిస్తుంది. వియ్యంలో భయం పోదు. అల్లుడి ముందు మామకు ఎప్పుడూ కొంచెం జంకు ఉంటుంది. అది మర్యాదతో కూడిన జంకు.

తిరిగి రాకపోవడం గురించి కూడా ఒక మాట. మీరు దాన్ని చావుగానే రాస్తున్నట్టున్నారు. పన్నెండో శతాబ్దంలో అక్క మహాదేవి కల్యాణం నుంచి నడిచి శ్రీశైలం చేరి, కదళీవనంలో మల్లికార్జునునిలో ఐక్యమైందని భక్తులు నమ్ముతారు. ఆమె తిరిగి రాలేదని ఎవరూ ఏడవరు, చేరవలసిన చోటికి చేరిందంటారు. మీ సీమలోనూ కావాలని వెళ్లినవాళ్లు కొందరు ఉండాలి. ముఖ్యంగా ఆడవాళ్లు. ఊళ్లో నిలవనివ్వని ఆడదానికి అడవి ఒక్కటే తలుపు తెరిచి ఉంచిందంటే, ఆ కథలో భయం ఎక్కడుందో చదివేవాళ్లు వెతుక్కుంటారు.

హంద్రీ ఒడ్డు (కర్నూలు):

మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. నాలుగు రోజులుగా మీ మాటలే చదువుతూ ఉన్నాను. నిన్న రాత్రి ఆరు అధ్యాయాలనూ పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాను.

ఏరు ఇప్పుడు అడవిలోంచి వస్తున్నది. పడమట ఎండిన మెట్టలున్నాయి. మట్టికోటలోని కరణం దగ్గర కావలి మాన్యాల దస్త్రం ఒకటి ఉంటుంది, పటాల ఉద్యోగి మొదట అడిగేది దాన్నే. గుత్తి కోటగారికి, లంకమలగారికి నడుమ వచ్చిన భేదాభిప్రాయం గురించి చాలా ఆలోచించాను. ఇద్దరి మాటా నిలపాలని నిర్ణయించుకున్నాను. మొదటి సగంలో భయానికి ఉన్న కారణాలన్నీ ఒక్కొక్కటిగా బయటపడతాయి, ఉద్యోగి అంతా అర్థమైందనుకుంటాడు. అన్ని కారణాలూ తీసివేశాక కూడా కొంత భయం మిగిలే ఉంటుంది, రెండో సగం దాని గురించి. లోపల ఏముందో నేనూ తేల్చుకోను.

కథ పటాల ఉద్యోగితో కాక ఒక ఆడమనిషితో మొదలవుతుంది. ఆమె భర్త తేనె తీయడానికి ‘గొడ్డలి దించే చోటు’ దాటి లోయలోకి దిగాడు. పైన తాడు పట్టుకున్నవాడు ఆమె తమ్ముడు. సాయంకాలం తమ్ముడు ఒక్కడే తిరిగి వచ్చాడు. చేతిలో తాడు ఉంది. తాడు కొస తెగలేదు, కోసి లేదు, ముడి విప్పి ఉంది. ఎవరు విప్పారో తమ్ముడికి తెలియదు. ఊరు వాణ్ణి నమ్మదు, ఆమె నమ్ముతుంది.

ఇప్పుడు నాకు ఒక సందేహం మిగిలింది, ఇది ఆత్మకూరు మిత్రునికి. బావమరిది లేనివాడు తాడు ఎవరి చేత పట్టిస్తాడు?

బైర్లూటి బాట (ఆత్మకూరు):

మీ ప్రశ్నను నిన్న మా ఇంటికి తేనె తెచ్చే పెద్దాయనను అడిగాను. కాసేపు నా వైపు చూసి, ‘లేనోడు దిగడు. వానికి తేనె వేరేవాళ్లు తెచ్చి పెడతారు’ అన్నాడు. కాబట్టి మీ ఊళ్లో ఆ తమ్ముడి మీద నమ్మకం పోయిన రోజు నుంచి, ఆ ఇంటికి తేనె ఎవరు తెస్తారో, లేక ఎవరూ తేరో, అది కూడా రాయండి.